రోగి వేషం

మైకు పట్టుకున్నవాడికి తప్ప ఎవరికీ అర్థం కాని సభ అది. ఆసుపత్రి సాఫ్ట్‌వేర్లు తయారుచేసేవాళ్లు బీచ్ రోడ్డు హోటల్లో పెట్టుకున్నారు. టీలు అందిస్తున్న నన్ను ఇంజనీరు ఉమామహేష్ స్టేజీ మీదికి పిలిచాడు.

"రోగిలా నటించు బాబాయ్. జబ్బేంటో మా కంప్యూటర్ చెప్పేస్తుంది."

"ఎంతసేపట్లో సెప్తాది బాబూ?"

"రెప్పపాటులో."

"ఎడం సెయ్యి లాగేత్తంది. ఒళ్లంతా సెమట. దవడ నొప్పెడతంది." గుండె పట్టుకుని ఒరిగిపోయాను. హాలంతా నవ్వింది.

అతను టైపు చేయగానే తెరమీద ఎర్రక్షరాలు వచ్చాయి: గుండెపోటు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

చప్పట్లే చప్పట్లు.

"అదరగొట్టావు బాబాయ్! ఎక్కడ నేర్చుకున్నావు?"

"మా ఇంటిది దుర్గ, పోయిన రోజు అచ్చం ఇలాగే ఒరిగిపోనాది బాబూ. రోజూ దాన్ని ఆటపట్టించేవోణ్ని గదా, ఆ రోజు అదే నన్ను ఆటపట్టిత్తందనుకుని సప్పట్లు కొట్టాను."