సమ్మమ్మ వేలిముద్ర

“దుమ్మని రాస్తె నేను ముద్ర వెయ్య బిడ్డా. సప్పుడని రాయి.”

సమ్మమ్మ సిరా అంటిన బొటనవేలిని కాగితం దాకా తెచ్చి వెనక్కి తీసుకుంది. సరస్వతికి ఏం చెయ్యాలో తోచలేదు. లా చివరి సంవత్సరం చదువుతున్న ఆ అమ్మాయి, హనుమకొండలో వెంకట్రాజం వకీలు దగ్గర ట్రైనింగుకు చేరింది ఆ పొద్దునే. ఊళ్ల గాలీ నీళ్లూ పాడుచేసేవాళ్ల మీద కేసులు వేస్తాడని ఆయనకు పేరు. పర్యావరణ చట్టం వచ్చి ఏడాది కూడా కాలేదు. మొదటి రోజే ఆమె చేతికి ఒక అర్జీ ఇచ్చి నర్సంపేట బస్సెక్కించాడు. గుట్ట దగ్గర పెట్టిన కంకర మిషను దుమ్ముకు చేన్లు తెల్లబడుతున్నాయి, పిల్లలు దగ్గుతున్నారు, ఆ దుమ్ము ఆపించండి అని ఆర్డీవోకు ఊరివాళ్ల మొర. ముప్పై ఎనిమిది మంది ముద్రలు అయిపోయాయి. మిషనుకు అందరికన్నా దగ్గరి ఇల్లు సమ్మమ్మది. ఆమె ముద్ర లేకపోతే కేసుకు బలం లేదు.

“అవ్వా, దుమ్ముతోని రోగాలొస్తయని డాక్టర్ కాగితం ఉన్నది. సప్పుడంటే ఆఫీసర్ పట్టించుకోడు,” సరస్వతి గొంతు పెంచి చెప్పింది. ఆ మిషను మోతలో మామూలుగా మాట్లాడితే వినపడదు.

“దుమ్ము కడుక్కుంటె పోతది. పగటి సప్పుడు గూడ ఉండనియ్యి. రాత్రి సప్పుడు ఆపమని రాయి.”

“ఎందుకవ్వా?”

సమ్మమ్మ వేలికంటిన సిరాను గోడకు రాసింది.

మధ్యాహ్నం కూలీలు అన్నాలకు లేవగానే మిషను ఆగింది. సమ్మమ్మ దిగ్గున లేచి పెరటి గోడ దగ్గరికి పోయింది. కళ్లు మూసుకుని, తల ఒక పక్కకు వంచి, గోడ అవతలి మెట్ట చెలక వైపు చెవి పెట్టి నిలబడింది. సరస్వతి వెనకాలే పోయింది.

“ఎవరన్నా వస్తాన్రా అవ్వా?”

సమ్మమ్మ చుట్టూ చూసింది. “ఎవ్వలకు చెప్పకు బిడ్డా. నా కొడుకు రాయమల్లు లోపలికి పోయి ఐదేండ్లయితాంది.”

లోపలికి అంటే అడవిలో దళంలోకి. అది ఆ జిల్లాలో ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు.

“పోలీసోల్లు తిరుగుతాన్రు, ఇంట్లకు రాలేడు. నెలకు ఒకటి రెండు సార్లు ఈ గోడెనుక నిలవడి కౌజు పిట్ట లెక్క కూస్తడు. చిన్నప్పటి సంది అలవాటు వానికి. నేను లోపల్నుంచి దగ్గుత. గంతే, ఎల్లిపోతడు.”

“నువ్వు బయటికొచ్చి చూడలేదా?”

“చూస్తె వానికే ముప్పు. మొకం చూసి ఐదేండ్లు. కూత వినవడితె నా కొడుకు బతికున్నట్టు. ఆ తెల్లారి జర బువ్వ పోతది నోట్లెకు. మూడు నెల్ల సంది ఈ మిషను రాత్రిళ్లు గూడ నడుస్తాంది. వచ్చిండో, రాలేదో. వచ్చి, అమ్మ దగ్గలేదు, సచ్చిపోయిందనుకొని మర్లిపోయిండో.”

మిషను మళ్లీ మొదలైంది. ఆమె పెదాలు ఇంకా కదులుతున్నాయి కాని మాటలు సరస్వతికి అందలేదు.

కాగితం మీద పెట్టదగ్గ సంగతి కాదది. సరస్వతి అరుగు మీద కూర్చుని కొత్త అర్జీ రాసింది. దుమ్ము మాట అలాగే ఉంచి, పొద్దుగూకాక మిషను నడవకూడదని చివర చేర్చింది. కారణం రాయవలసిన చోట ‘నిద్ర లేదు’ అని రాసింది. సమ్మమ్మ వేలు అదిమి చాలాసేపటిదాకా తియ్యలేదు.

ఇక మిగతావాళ్ల ముద్రలు మళ్లీ కావాలి. వాళ్లలో సగం మంది ఆ మిషను మీద రాత్రి పనే చేస్తున్నారు. సరస్వతి జంకుతూనే సాంబయ్య ఇంటికి పోయింది. కేసు వెయ్యమని వెంకట్రాజం దగ్గరికి మొదట వచ్చింది అతనే. అతనిదీ రాత్రి పనే.

కొత్త వాక్యం రెండుసార్లు చదివించుకున్నాడు సాంబయ్య. “మంచిగ రాసినవ్,” అని లేచాడు. బస్సు వేళకు ముప్పై ఎనిమిది ముద్రలూ పడ్డాయి.

ఆర్డీవో ఆఫీసులో విచారణ రోజు మిషను యజమాని తరఫు వకీలు సాంబయ్యనే నిలబెట్టాడు.

“ఒక ముసలమ్మ నిద్ర కోసం నీ పని పోగొట్టుకుంటవా?”

“రాత్రి ఆపాలె సార్.”

“ఎవరన్నా బెదిరించిన్రా?”

“లేదు సార్. ఆపాలె.”

తర్వాత వచ్చిన రాత్రి కూలీ యాకయ్యా అదే అన్నాడు. అతని వెనక ఉన్నవాళ్లందరూ అదే అన్నారు. దుమ్ము సంగతి వాయిదా పడింది. రాత్రిళ్లు మాత్రం మిషను నడపకూడదని ఆర్డీవో ఉత్తర్వు రాశాడు.

సమ్మమ్మ ఆఫీసు మెట్ల మీద కూర్చుని ఉంది.

“ఇయ్యాల్నుంచేనా బిడ్డా?”

“ఇయ్యాల్నుంచే అవ్వా.”

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. తర్వాత, గొంతు ఇంకా పలుకుతుందో లేదో అన్నట్టు, ఒకసారి దగ్గి చూసుకుంది.

సరస్వతి సాంబయ్యను గేటు దాకా తీసుకుపోయింది. సమ్మమ్మ చెప్పింది ఆమె వెంకట్రాజానికి కూడా చెప్పలేదు. ఇతనికీ చెప్పదలచుకోలేదు.

“ఒకటి అడుగుత. చేతిల ఉన్న పని పోతదని తెలిసి గూడ ఇంతమంది ఎట్ల ఒప్పుకున్నరు?”

సాంబయ్య మెట్ల వైపు చూశాడు. అంత దూరానికి మాట పోదని రూఢి చేసుకున్నాడు.

“అవ్వ నీకు చెప్పే ఉంటది వకీలమ్మా. రాయమల్లు అడవిల జరమొచ్చి సచ్చిపోయి మూడేండ్లాయె. అప్పట్నుంచి ఆ కూత మేమే కూస్తానం, వంతులేస్కొని.”