తేలికైన ప్రశ్న

టైలరు తాత మళ్ళీ ఆ ప్రశ్న దగ్గరే ఆగిపోయాడు.

మిగతావన్నీ గడగడా చెప్పేస్తాడండీ. మొదటి ఓడ వచ్చి ఎన్నేళ్ళయిందంటే నూరేళ్ళంటాడు. జెండాలో రంగులెన్ని, దేశంలో మతాలెన్ని, పెద్ద ప్రార్థనా మందిరం ఎవరు కట్టించారు, నిద్రలో లేపి అడిగినా తడుముకోడు. ఈ ఒక్కదాని దగ్గరికొచ్చేసరికి మాత్రం బెల్లం కొట్టిన రాయిలా ఉండిపోతాడు.

"మనవాళ్ళు రాకముందు ఈ నేల మీద ఎవరుండేవారు?"

జవాబు పుస్తకంలోనే ఉంది. ఎవరూ లేరు, ఉత్త బీడు. అంతే.

"అన్నిట్లోకీ తేలికైంది ఇదే కదండీ, తాతగారూ," అంది పంతులమ్మ. పక్క బెంచీ కుర్రాడు నిన్నగాక మొన్న ఓడ దిగాడు. వాడు ఠక్కున చెప్పేశాడు. క్లాసంతా నవ్వింది. మనవల వయసువాళ్ళ మధ్య తాతకి తల కొట్టేసినట్టయింది.

కాగితాలు లేనివాళ్ళంతా ఈ ప్రశ్నలతో పెట్టే పౌరసత్వ పరీక్ష గట్టెక్కాలి మరి. తప్పితే కొట్టూ ఇల్లూ వదిలి, పెట్టేబేడా సర్దుకుని దేశం దాటాల్సిందే. కొడుకు పోయాక ఇంట్లో మిగిలింది తాతా, కోడలూ. ఆ పిల్లకి వారం రోజులుగా బెంగతో ముద్ద దిగడం లేదు.

ఊరందరి గుండీలూ కుట్టే మనిషి చొక్కాకే గుండీ లేదు. పరీక్షనాడు పొద్దున్నే కోడలు అది కుడుతూ బతిమాలింది.

"ఆ రెండు ముక్కలూ అనేయండి, మామయ్యా. ఎవరు వింటారని?"

ఆఫీసులో ముగ్గురు కూర్చుని ఒక్కొక్కటే అడిగారు. తాత అన్నీ దాటాడు. చివరికి అదే వచ్చింది. నేలచూపులు చూస్తూ ఏదో గొణిగాడు.

"కాస్త గట్టిగా చెప్పండి, పెద్దాయనా."

"ఎవరూ లేరు," అన్నాడు తాత. "ఉత్త బీడు."

శభాష్ అన్నారు. కాగితం మీద ముద్ర పడింది.

కోడలు గుమ్మంలోనే ఆ కాగితం కళ్ళకద్దుకుని ఏడ్చేసింది. ఇంక మనల్ని ఎవరూ కదపలేరు అంది. తాత సిగ్గుతో కుంచించుకుపోయాడు. కాళ్ళు కడుక్కొస్తానని పెరట్లోకి వెళ్ళి, అక్కడ వరసగా ఉన్న తన ఏడు తరాలవాళ్ళ సమాధుల ముందు తలెత్తలేక నిలబడిపోయాడు.