మూడు భాషల బోర్డు

"ముట్టుకోవద్దంటే వినపడదా నీకు?" గద్దె మీదనుంచే అరిచాడు నరసప్ప.

అప్పటికే ఈరక్క ఇత్తడి బిందెను మెటికతో ఖంగుమనిపించింది. చెవి ఆనించి, ఆ మోత పూర్తిగా అణిగేదాకా వింది.

"దీని గొంతు బాగుండాది సావుకారీ. ఆ పక్కదాంట్లో యాడో పగులుండాది. బొంగురు పోతాండాది."

పక్క బిందెను బేరమాడుతున్న పెనుకొండ ఆసామి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. మెల్లగా చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

ఆ పగులు సంగతి నరసప్పకు ముందే తెలుసు. అందుకే కోపం రెట్టింపైంది.

1938 నాటి మాట. హిందూపురంలో అద్దాల అలమారలున్న పాత్రల అంగడి అదొక్కటే. జర్మన్ సిల్వర్ పళ్లాలు, పింగాణీ టిఫిన్ కారియర్లు, పంపు కొడితే బుస్సుమనే స్టవ్వు, అన్నీ బెంగుళూరు సరుకే. భార్య అనసూయమ్మ కాసులపేరు అమ్మి పెట్టిన అంగడి అది.

ఈరక్క మూడేళ్లుగా ప్రతి సంతనాడూ వచ్చేది. గడప దగ్గర కాళ్ల దుమ్ము దులిపి, గుళ్లోకి వచ్చినట్టు వచ్చేది.

"దీని పేరేంది? దీంట్లో ఏం వండుతారు? ఈ మూత ఎట్ల తిరుగుతాది?"

అన్నీ అడిగి, అన్నీ చూసి, విందు భోంచేసినట్టు తృప్తిగా వెళ్లిపోయేది. ఒక్క గరిటె కొన్న పాపాన పోలేదు.

"కొనేదేమన్నా ఉండాదా?" ఆరోజు నిలదీశాడు నరసప్ప.

"రాళ్లతో బతికేదాన్ని, నాకెందుకు సావుకారీ ఇవి? చూస్తే అదో సంతోషం."

"ఊరికే చూసేదానికి ఇది తిరనాళ్లు కాదు!"

"చూసేదానికి గూడా దుడ్లియ్యల్లా?" ఈరక్క కొంగుముడి విప్పి అణా తీసింది. వెటకారం కాదు, పాపం నిజంగానే అడిగింది. "దీనికి ఆ మూడో అలమార వరకన్నా చూడొచ్చా?"

"దిగు మెట్లు!"

దిగిపోయింది.

నరసప్ప ధీమా అంతా బోర్డు మీద. తెలుగు, కన్నడం, ఇంగ్లీషు, మూడు భాషల్లో ఎర్రటి అక్షరాలు. దూరాన రొళ్ల ఊరి రైతు కూడా నేరుగా వచ్చి "మూడో అలమారలో చిలక మూత కూజా" అని అడిగేవాడంటే, బోర్డు మహిమ కాక మరేమిటి?

పెళ్లిళ్ల కాలం వచ్చింది. రొళ్ల బళ్లు మాత్రం రాలేదు. నరసప్ప బోర్డుకు కొత్త రంగు వేయించాడు. ఈగలు వచ్చాయి.

"ఇంగో పూత పూయిస్తావా, నా గాజులు గూడా ఇయ్యల్లా?" అంది అనసూయమ్మ.

చివరికి ఒకరోజు, రొళ్ల రైతు ఉలిగప్ప తన అంగడిని దాటుకుని ఎదురుగా ఉన్న మరో పాత్రల అంగడికి పోతుంటే నరసప్ప పరుగున వెళ్లి పట్టుకున్నాడు.

"ఏమప్పా, కూతురి పెళ్లి పెట్టుకోని ఆడికి పోతాండావు? మా బోర్డు కనపళ్లేదా?"

"కనపడతాది. సదివేదానికి మాకు అచ్చరాలు యాడొచ్చు సావుకారీ? ఈరక్క చెప్తే వస్తాంటిమి."

"ఏ ఈరక్క?"

"మీ అంగట్లో ఏం యాడుండాదో మా ఆడోళ్లకు పూసగుచ్చినట్టు చెప్పేది. ఇప్పుడడిగితే, 'ఈ నడుమ నేను సూళ్లేదు, సూడంది చెప్పగూడదు' అంటాది. మిమ్మల్ని ఒక్క మాటన్నా అన్లేదు."

ఎదురంగట్లోంచి ఖంగుమని మోత వినిపించింది. ఆ మెటిక ఎవరిదో నరసప్పకు వెంటనే తెలిసింది. సిగ్గుతో తల వాలిపోయింది.

"ఇంతకూ ఎవరప్పా ఆమె?"

"రొళ్ల నుంచి మడకశిర దాకా ఏ ఇంట్లో రోలరిగినా, వంటింట్లో కూచోని ఉలితో దానికి గంట్లు కొట్టేది ఆమే. ఏ పెండ్లికి ఏ పాత్ర కొనాల్నో మా ఆడోళ్లు తీర్మానం చేసేది, ఆ రోలు కాడనే సావుకారీ!"