జగన్నాధం గురక

"ఏటే పద్మా, రేత్రంతా మీ ఇంట్లో పిండిమర ఆడిస్తన్నారేటి?" అని పక్కింటి గున్నమ్మ గోడ మీంచి అడిగింది.

పద్మకుమారి బిత్తరపోయింది. పడుకుంటే ఆమెకు లోకంతో పని లేదు. పక్కనే పళ్ళు తోముకుంటున్న ఆమె మొగుడు జగన్నాధం గబగబా నోరు పుక్కిలించి, "నేనే అత్తా! గురక. ఏటి సెయ్యమంటావు, ఒళ్ళొచ్చేసినాది" అన్నాడు.

అంతే. మధ్యాహ్నానికల్లా ఆ మాట నరసన్నపేట బజారంతా పాకిపోయింది. జగన్నాధానిది స్టీలు సామాన్ల షాపు. కొన్నాళ్ళుగా బేరం మధ్యలోనే కునుకు తీసేస్తున్నాడు. ఒకామె బిందె చేత్తో పట్టుకుని, ఆయన్ని తనే లేపి ధర చెప్పించుకుంది. రాత్రి గురక పెట్టేవాడు పగలు తూలక ఏం చేస్తాడని జనం తేల్చేశారు. షాపుకి 'గురకగారి కొట్టు' అని పేరు కూడా పెట్టేశారు. ఆయన నవ్వి ఊరుకునేవాడు.

పద్మకుమారికి మాత్రం తల కొట్టేసినట్టయింది. విజయనగరంలో పెద్ద డాక్టరు ఉన్నాడని విని మొగుణ్ణి బయల్దేరదీసింది.

డాక్టరు గదిలోకి ముందు జగన్నాధం ఒక్కడే వెళ్ళాడు. పావుగంటకి బయటికొచ్చి, పక్కన పడుకునేవాళ్ళకి కూడా పరీక్ష చెయ్యాలట అన్నాడు. ఆ రాత్రి ఆస్పత్రిలో ఇద్దరికీ తలనిండా తీగలు అంటించి పడుకోబెట్టారు.

"నీ గురకకి నాకేటి బావా ఈ గంగిరెద్దు వేషం?" అని సణిగింది పద్మకుమారి. సణుగుతూనే నిద్రపోయింది.

మర్నాడు డాక్టరు ఇద్దరినీ కూర్చోబెట్టాడు.

"ఇది ఉత్త గురక కాదమ్మా, జబ్బు. నిద్రలో గంటకి నలభైసార్లు ఊపిరి ఆగిపోతోంది. ఇలాగే వదిలేస్తే గుండెకి ముప్పు. రాత్రిపూట ముక్కుకి మాస్కు పెట్టి గాలి పంపే మెషీను వాడాలి. బరువూ తగ్గాలి. ఏం తిన్నా కేలరీలు లెక్క చూసుకుని తినండి."

బస్సులో దారి పొడుగునా పద్మకుమారి జగన్నాధం చెయ్యి వదల్లేదు.

ఇంటికి రాగానే ఫోన్లో కేలరీల యాప్ పెట్టించుకుంది. ఒక నోటుబుక్కు కొంది. ఆ యాప్‌కి పిజ్జా తెలుసుగాని ఆవపెట్టిన పనసపొట్టు కూర తెలీదు. దానికి ఆమే ఒక అంకె వేసేసింది. తినే మొహం చూసి అంకె వేసేది కాబట్టి అది రోజుకో రకంగా ఉండేది.

జగన్నాధం ఒకటే షరతు పెట్టాడు.

"నీ కంచంలో ఏపుడు కనబడితే నా సెయ్యాగదు. నువ్వూ నాతోపాటే తిను. సాయంత్రం నడక్కి కూడా నాతో రా."

"నీ జబ్బుకి నాకూ పత్యమేటి!" అంటూనే, మొగుడి ప్రాణం కోసం ఆమె కూడా చోడి అంబలికి దిగిపోయింది.

అసలు పేచీ మాస్కు దగ్గర వచ్చింది. "ఏనుగు తొండంలాగున్నాది. నాకు బయ్యం" అని మంచం దిగిపోయాడు యాభై రెండేళ్ళ మనిషి.

"సిగ్గు లేదేటి? ఇటు సూడు" అని ఆమె తన మొహానికి కట్టుకుని చూపించింది. అయిదు నిమిషాల్లో నిద్రపోయింది.

మర్నాడూ అదే గోల. ముందు ఆమె కాసేపు పెట్టుకుంటేగాని ఆయనకి ధైర్యం చాలదట. ఆమె పొద్దున్న లేచేసరికి మాత్రం మాస్కు ఆయన మొహం మీదే ఉండేది. "సంటిపిల్లలు నయం. రోజూ నేను మాలిమి సేసి ఇస్తేగాని పెట్టుకోడు" అని గున్నమ్మతో చెప్పుకుని నవ్వేది.

నెల తిరిగేసరికి గున్నమ్మ పిండిమర మాట ఎత్తడం మానేసింది. షాపులో కునుకుపాట్లు కూడా ఆగిపోయాయి. ఇదంతా తన నోటుబుక్కు చలవేనని పద్మకుమారి అందరికీ చెప్పింది. వీధిలో ఇంకో నలుగురు నోటుబుక్కులు కొన్నారు.

అలాంటి సమయంలో గున్నమ్మే ఇంకో కబురు మోసుకొచ్చింది. "మీ ఆయన హైవే పక్కన బండికాడ మిరపకాయ బజ్జీలు లాగిస్తన్నాడే. నా కళ్ళతో సూసినాను. ఒకటి కాదు, ఆరు!"

జగన్నాధం ఇంట్లో అడుగు పెట్టగానే నోటుబుక్కు వచ్చి ఛాతీకి తగిలింది. తర్వాత ఆమె ఏడ్చేసింది.

"ఊపిరాగిపోతాదని డాక్టరు సెప్పినాడా లేదా? నువ్వు పోతే నేనేటైపోవాలి బావా?"

జగన్నాధం కళ్ళు కూడా నిండిపోయాయి. "అలగనకే. ఆ మాట నేను తట్టుకోలేను" అన్నాడు. ఆ బండివైపు మళ్ళీ వెళ్ళనని ఒట్టేశాడు.

మూడో నెల ఇద్దరూ మళ్ళీ విజయనగరం వెళ్ళారు. నర్సు ఇద్దరినీ తూచింది. ఆయన ఒక్క కేజీ తగ్గాడు. ఆమె ఏడు తగ్గింది.

పద్మకుమారి డాక్టర్ని నిలదీసింది.

"ఇదేటి లెక్కండీ? ఇంట్లో ఇద్దరికీ ఒకే తిండి. జబ్బు లేని నేను ఏడు కేజీలు తగ్గినాను. జబ్బున్న ఈయన బజ్జీలు మెక్కి ఒకటే తగ్గినాడు. అయినా గురక ఆగిపోయినాది! మరి కేలరీల లెక్క అబద్ధమేటి?"

డాక్టరు కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు.

"అబద్ధం కాదమ్మా. కానీ అదొక్కటే చాలదు. నిద్ర బాగా పడితే ఒంట్లో ఓపికుంటుంది, నాలుగడుగులు నడుస్తారు, అడ్డమైన ఆకలీ వెయ్యదు. తిండీ నిద్రా రెండూ కలిసి రావాలి."

"ఐతే ఈయనకింకా నిద్ర సాల్లేదన్నమాట" అని తీర్పు చెప్పి, మాస్కుకి కొత్త పట్టీ కొనడానికి ఆమె బయటికి వెళ్ళింది.

తలుపు పడగానే డాక్టరు జగన్నాధం వైపు తిరిగాడు. "ఇంకెన్నాళ్ళండీ ఇలాగ? నావల్ల కాదు. నిజం చెప్పేద్దాం."

జగన్నాధం చేతులు జోడించాడు.

"ఆడది గురకెడతాదంటే ఊరు ఊరంతా నవ్వుతాది డాక్టరుగారూ, దాని గురక నా పేరు మీదే ఉండనీండి."