తాబేలు సందేహాలు

"గ్రూపు పెట్టడమంటే ఏం చేయాలమ్మా? పిల్లలందరినీ ఒక గదిలో కూర్చోబెట్టి చెప్తున్నానుగా, అంతకన్నా పెద్ద గ్రూపేముంటుంది?" అన్నారు లెక్కల మాస్టారు.

హెడ్‌మిస్ట్రెస్ నవ్వు ఆపుకున్నారు. "ఫోన్లో మాస్టారూ! మీ ఎదురుగా నోరు విప్పాలంటే పిల్లలకి హడలు. ఫోన్లో అయితే ధైర్యంగా అడుగుతారు. ఈ అర్ధసంవత్సర పరీక్షల్లో సగం మందైనా గట్టెక్కకపోతే, పదో తరగతి కొత్త టీచరుకి ఇవ్వాల్సి వస్తుంది. తర్వాత నన్ననుకోవద్దు."

పదో తరగతి లేని లెక్కల మాస్టారంటే ఆయన దృష్టిలో కోరలు పీకిన పాము. నేరుగా ఆఫీసు గుమాస్తా దగ్గరికెళ్లి ఫోను చేతిలో పెట్టారు.

అతను తన టీ చల్లారేలోపే పని కానిచ్చేశాడు. "పదో తరగతి నంబర్లు మన అడ్మిషన్ రిజిస్టర్లో ఉన్నవన్నీ ఎక్కించేశాను మాస్టారూ. ఇక మీదే ఆలస్యం."

ఆ సాయంత్రం మాస్టారు ఒంటివేలితో మొదటి మెసేజ్ కొట్టారు. 'రోజూ భోజనాలయ్యాక ఇక్కడ లెక్కల పాఠం. అర్థం కానిది అడగాలి. సిగ్గుపడేవాళ్ల కోసం అసలు పేర్లు వద్దు, మారుపేర్లు చాలు. ఇక్కడి మాట క్లాసుదాకా వచ్చిందో, ఊరుకోను.' ఆ ఆఖరి ముక్క లేకపోతే అది తను రాసినట్టే ఉండదని ఆయన నమ్మకం.

మొదటి సందేహం తాబేలుది. 'మైనస్‌ని మైనస్‌తో గుణిస్తే ప్లస్ ఎందుకవుతుంది మాస్టారూ? చిన్నప్పటినుంచీ అడగాలనుంది. భయమేసి అడగలేదు.'

"చూశావటే, మూతిమీద మీసం రాలేదు, వీడికో చిన్నప్పుడు!" అని మాస్టారు భార్యకి చూపించి పగలబడి నవ్వారు. తర్వాత అలవాటుకొద్దీ 'మట్టిబుర్రా' అని కొట్టబోయారు. 'మ' దొరికింది. 'ట' కింద వత్తు ఎలా పెట్టాలో వెతికి వెతికి పట్టుకునేసరికి కోపం కాస్తా చల్లారింది. చెరిపేశారు.

తీరా చూస్తే జవాబు ఆయనకీ తట్టలేదు. ఇన్నేళ్లూ 'అది రూలు, రాసుకో' అనడమే తప్ప, ఎందుకని అడిగినవాడు లేడు. మర్నాడంతా బుర్ర గోక్కుని సాయంత్రానికి రాశారు. 'ఒకడు వెనక్కి నడుస్తుంటే వీడియో తీశాం. ఆ వీడియోని వెనక్కి తిప్పితే వాడు ఎటు నడుస్తాడు నాయనా?'

'ముందుకి!' అంది తాబేలు. కోడిపుంజు, ఎర్రచీమ చప్పట్లు కొట్టాయి.

ఇక అక్కణ్ణుంచి గ్రూపులో ఒకటే గోల. 'కుక్కరు దించి వస్తాను, అందాకా తర్వాతి మెట్టు చెప్పకండి' అని ఎర్రచీమ ప్రాధేయపడేది. 'ఇది తప్పని నిన్న మా ఇంట్లో పెద్ద గొడవైంది, మీరే తీర్పు చెప్పాలి' అని కోడిపుంజు దూకేది.

"ఈ కాలం పిల్లలకి పనీపాటా రాదంటారు గానీ, పాపం వంట కూడా చేస్తున్నారే!" అని మాస్టారు మురిసిపోయారు.

"పెళ్లయిన కొత్తలో నాతోనైనా ఇన్ని మాటలు మాట్లాడారా?" అంది భార్య, ఆయన చేతిలోంచి ఖాళీ గ్లాసు తీసుకుంటూ.

క్లాసులో మాత్రం పాత కథే. మాస్టారు ఎంత మెత్తగా అడిగినా అందరూ బల్లలకేసి చూసేవారు. అక్కడ నోరు మూయరు, ఇక్కడ నోరు విప్పరు అని గొణుక్కునేవారాయన. తాబేలు ఎవరై ఉంటాడా అని ఒక్కొక్కరి మొహమూ వెతికేవారు. మొదటి బెంచీ పొడుగాడి మీద అనుమానం. ఆ పొడుగాడేమో పాఠం నడుస్తున్నంతసేపూ కిటికీ మీది కాకిని చూస్తుండేవాడు.

పరీక్ష ముందురోజు తాబేలు రాసింది. 'లెక్కలంటే నాకు వణుకు మాస్టారూ. మీ పుణ్యమా అని పోయింది. మాకు అప్పుడే ఇలా విసుక్కోకుండా చెప్పేవాళ్లుంటే ఎంత బాగుండేది!' కింది తరగతుల టీచర్ల మీద పడుతున్నాడు పాపం అనుకున్నారు మాస్టారు. అయినా కళ్లు చెమర్చాయి. విసుక్కోని మాస్టారని తనను ఇదివరకెవరూ అనలేదు మరి.

పేపర్లు దిద్దుతుంటే ఆయనకి పట్టరాని సంతోషమేసింది. మైనస్ లెక్క పక్కన సగం మంది వెనక్కి నడిచే మనిషి బొమ్మ గీశారు. చివరి బెంచీ మూగనోము అమ్మాయి అయితే ఆ మనిషికి గొడుగు కూడా పెట్టింది. క్లాసులో ఆ ఉదాహరణ ఆయన ఒక్కసారి కూడా ఎత్తలేదు. అంతా గ్రూపు మహిమ!

"క్లాసు మొత్తం గట్టెక్కింది. పదో తరగతి మీదే మాస్టారూ," అన్నారు హెడ్‌మిస్ట్రెస్.

మాస్టారు గాల్లో తేలుతూ క్లాసులోకి వచ్చారు. "ఈ ఒక్కసారికి నా రూలు నేనే తప్పుతున్నాను. ఈ విజయమంతా మొదటి సందేహం అడిగిన తాబేలుది. ఎవర్రా తాబేలు? లేవండి, తిట్టను."

ఎవరూ లేవలేదు. మాస్టారు పొడుగాడి వైపు ఆశగా చూశారు. వాడు కాకివైపు చూశాడు.

ఆఖరికి చివరి బెంచీలోంచి ఆ మూగనోము అమ్మాయి మెల్లగా లేచి నిలబడింది.

"నువ్వా తల్లీ!" మాస్టారు రెండంగల్లో చివరి బెంచీ దగ్గరికి చేరారు. "ఇన్నాళ్లూ అన్ని ప్రశ్నలు అడిగింది నువ్వేనా?"

"కాదు మాస్టారూ, తాబేలు మా నాన్న."