నెమలి వద్దన్న వేషం

అడవిలో ఆడే నాటకంలో గుడ్డిరాజు వేషం మొదట నెమలికే ఇచ్చారు. "పింఛం ముడుచుకుని తడుముకుంటూ తిరగడానికా నేను పుట్టింది?" అని ఈసడించింది. వేషం కాకికి దక్కింది.

ఆటనాడు నెమలి తెరచాటున నిలబడింది. గుడ్డిరాజుగా కొడుకు శవం పక్కన పద్యం పాడుతూ కాకి మధ్యలో మాట మరిచిపోయింది. చాటుగా పాఠమంతా వల్లించుకున్న నెమలికి ఆ మాట వచ్చు.

"నెమలన్నా, అందించవూ," అని కాకి తెరవైపు తిరిగి గొణిగింది. నెమలి ముక్కు బిగించి, ఇక గోల మొదలవుతుందని కాచుకుంది.

మాట అందని కాకి రెక్కతో కొడుకు ముఖం తడిమి తడిమి కూలబడింది. ఎలుగుబంటి వెక్కివెక్కి ఏడ్చింది. అన్ని కొమ్మల మీంచీ "వన్స్ మోర్" అని కేకలు లేచాయి.

కాకి పద్యం మళ్లీ అందుకుంది. ఈసారి అక్కడికి రాగానే కావాలనే ఆగింది. తెరవైపు మాత్రం తిరగలేదు.