నీళ్ల ట్యూబు

మా ల్యాబులో డీఎన్‌ఏ పరీక్షకు వరసగా పెట్టే ట్యూబుల్లో చివరిదానిలో ఉత్త నీళ్లే పోస్తాం. అందులో ఏమీ కనిపించకూడదు. కనిపిస్తే మాలో ఎవరి నోటి తుంపరో పడిందన్నమాట. అది ఎవరిదో పట్టుకోవడానికి సిబ్బంది అందరి డీఎన్‌ఏ వివరాలూ కంప్యూటర్లో ఉంటాయి.

నేను కొత్తగా చేరినప్పుడు నాన్న ఇక్కడే పనిచేసేవాడు. వారానికోసారైనా దొరికిపోయేవాడు. మాస్కు గడ్డం కిందకు లాగేసి, ట్యూబుల మీదకు వంగి కూనిరాగం తీసేవాడు మరి. కంటికి ఆనని ఆ తుంపరలోని డీఎన్‌ఏను యంత్రం కోట్ల కాపీలు చేసేది.

"మీ నాన్నగారు మళ్లీ నీళ్లలో పడ్డారమ్మా!" అని అందరూ నవ్వేవారు.

నాన్న పోయి ఆరేళ్లయింది.

ఈ రాత్రి ల్యాబులో ఒక్కదాన్నే ఉన్నాను. నీళ్ల ట్యూబు ఫలితం వచ్చింది. కంప్యూటర్ నాన్న పేరు చూపించింది.

పెద్ద మేడమ్‌కు ఫోన్ చేశాను.

"పాత సీసాలో నీళ్లేమైనా వాడావేమో చూడమ్మా."

"లేదండీ, సీలు ఇందాక నేనే తీశాను."

"అయితే పారబోసి మళ్లీ పెట్టు."

కొత్త సీసా, కొత్త ట్యూబు. మూడు గంటలు కాచుకుని కూర్చున్నాను. మళ్లీ నాన్నే. ఈసారి ఇంకా స్పష్టంగా.

మేడమ్‌కు చెప్పలేదు. చెబితే మళ్లీ పారబోయమంటారు. మూడో ట్యూబులో నీళ్లు పోసి, మాస్కు గడ్డం కిందకు లాగి, నాన్న పాట అందుకున్నాను. నాకు పల్లవి వరకే వచ్చు. అక్కడ ఆగాను.

పాట ఆగలేదు.